రోడ్డు కిరాయి ఎవలు కట్టాలె?

బెంగళూరుల ఈ మాట లేసింది. ఢిల్లీల ఎప్పటినుంచో నానుతనే ఉన్నది. హైదరాబాదుకు రాదు అనుకునుడు మన భ్రమ. రద్దీ టైముల, రద్దీ జాగకు కారేసుకొని వస్తే పైసలు కట్టాలె. గంతే సంగతి. పేపర్లల్ల 'కంజెషన్ చార్జి' అని రాస్తున్నరు. నేనైతే రద్దీ కిరాయి అంట. ట్యాక్సు అంటే సర్కారు గుంజుకునేది అన్న అర్థం మనసుల పడిపోయింది. కిరాయి అంటే జాగ వాడుకున్నందుకు ఇచ్చేది. రోడ్డు జాగ అందరిది. అండ్ల ఒక్క మనిషి కోసం ఒక్క కారు ఎంత జాగ పట్టుకుంటదో, పొద్దుగాల తొమ్మిదిన్నరకు రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి చూస్తే ఎవలూ చెప్పక్కర్లే.

ఈ ముచ్చట రాంగనే మనోళ్ళు రెండు జట్లయితరు. ఒక జట్టు: "ఇది పేదోళ్ళ మీద దోపిడి, ఇప్పటికే లైఫ్ ట్యాక్సు కట్టినం, పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం కడుతున్నం, ఇంకేం కట్టాలె?" రెండో జట్టు: "లండన్ల ఉన్నది, సింగపూర్ల ఉన్నది, మనం గూడ పెడితే విశ్వనగరం అయితం." నేను ఇరవై ఏండ్లుగ ఈ శహరుల బస్సెక్కి తిరుగుతున్న. బస్తీల మీటింగులకు, లేబర్ ఆఫీసులకు, కోర్టులకు పొయ్యేది బస్సులనే. నాకు రెండు జట్లు గూడ సగం మాటే చెప్తున్నట్టు అనిపిస్తది. పెద్ద యూనివర్సిటీల చదివినోణ్ణి గాదు, దొరికిన పుస్తకం, దొరికిన రిపోర్టు చదువుకుంట నేర్చుకున్నోణ్ణి. అందుకే మొదలు లెక్క నుంచి చూద్దాం.

సైబర్ టవర్స్ కాడ రోడ్డు నిండిపోయి వెయ్యి బండ్లు పాకుతున్నయి అనుకోండ్రి. ఇంకొకాయన కారేసుకొని అండ్ల జొరబడ్డడు. ఆయనకు పది నిమిషాలు లేటయితది. అది ఆయనకు ఎరుకే, ఒప్పుకొనే వచ్చిండు. కని ఆయన జొరబడ్డందుకు మిగిలిన వెయ్యి మందికి తలా రెండు సెకండ్లు లేటయితది. రెండు వేల సెకండ్లు, అంటే ముప్పై మూడు నిమిషాలు. ఆయన పోగొట్టుకున్నది పది నిమిషాలు, వేరేటోళ్ళవి పోగొట్టింది ముప్పై మూడు. ఈ ముప్పై మూడు నిమిషాల బిల్లు ఆయన ఇంటికి రాదు. అది అంబులెన్సుల పండుకున్నోడు కడతడు, బస్సు ఫుట్‌బోర్డు మీద ఏలాడేటోడు కడతడు, లేటయిందని సగం పూట కూలి కోయించుకున్నామె కడతది.

ఈ బిల్లును అసలు మనిషికే పంపాలె అని గట్టిగ చెప్పినాయన విలియం విక్రీ. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్. 1950లల్ల న్యూయార్క్ సబ్‌వే చార్జీల మీద పనిచేసుకుంట ఈ ఆలోచన పట్టుకున్నడు. రద్దీ ఉన్నప్పుడు ధర ఎక్కువుండాలె, ఖాళీగ ఉన్నప్పుడు తక్కువుండాలె అన్నడు. నలభై ఏండ్లు ఎవలూ పెద్దగ పట్టిచ్చుకోలే. 1996 అక్టోబర్‌ల ఆయనకు నోబెల్ ఇస్తున్నమని చెప్పిన్రు, మూడు రోజులకే కన్నుమూసిండు. ఆయన పాఠాలు చెప్పిన ఊరు ఆ పాఠాన్ని అమలుల పెట్టేటానికి ఇంకో 28 ఏండ్లు పట్టింది.

పెట్రోల్ ట్యాక్సు కడుతున్నం గదా అనేటోళ్ళకు ఇక్కడ్నే జవాబు ఉన్నది. నారాయణఖేడ్ల ఖాళీ రోడ్డు మీద బండి నడిపే రైతు లీటరుకు ఎంత ట్యాక్సు కడతడో, సాయంత్రం ఆరింటికి మాదాపూర్ల ఎస్‌యూవీ నడిపేటాయన గూడ లీటరుకు అంతే కడతడు. రైతు ఎవలికీ అడ్డం పోలే. ఈయన వెయ్యి మందికి అడ్డం వచ్చిండు. పెట్రోల్ ట్యాక్సుకు ఈ తేడా కనబడదు. న్యాయం గురించి మాట్లాడేటోళ్ళు ముందు ఈ అన్యాయం సంగతి తేల్చాలె.

సరే, లెక్క కాయితం మీద మంచిగనే ఉన్నది. రోడ్డు మీద ఏమైంది?

సింగపూర్ అందరికంటే ముందు. 1975 జూన్‌ల మొదలుపెట్టిండ్రు. పొద్దటిపూట సిటీ నడిమిట్లకు రావాలంటే మూడు సింగపూర్ డాలర్ల కాయితం కొని కారు అద్దానికి అతికించుకోవాలె. కార్ల నలుగురుంటే మాఫీ. 1998ల కాయితం పోయి ఎలక్ట్రానిక్ గేట్లు వచ్చినయి. బాగనే నడుస్తున్నది. కని సింగపూర్‌ను మనకు మోడల్ అని చూపెట్టేటోళ్ళు ఒక సంగతి చెప్పకుంట దాటేస్తరు. అక్కడ 1990 నుంచి కారు కొనాలంటే ముందుగాల వేలంల పాడి సర్టిఫికెటు కొనాలె. ఈ మధ్యల ఆ సర్టిఫికెటు ఒక్కటే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. కారు అసలు రేటు దానికి వేరే. అసొంటి దేశంల కారున్నోడంటేనే షావుకారి. అక్కడ రద్దీ కిరాయి పేదోనికి తగుల్తదా అన్న ప్రశ్నే పుట్టది. మనకాడ ఏడేండ్ల ఈఎంఐ మీద సెకండ్ హ్యాండ్ కారు తెచ్చి ఓలాకు పెట్టుకున్నోడు గూడ 'కారు ఓనరే'.

లండన్ ముచ్చట వేరే, దాన్ని కొంచెం ఓపికగ చూడాలె. 2003 ఫిబ్రవరి 17న మొదలైంది. రోజుకు 5 పౌండ్లు. పెట్టింది ఎవలు? మేయర్ కెన్ లివింగ్‌స్టన్. పక్కా ఎడమ దిక్కు మనిషి, అక్కడి పేపర్లు 'రెడ్ కెన్' అని పిలిచేటియి. ఇది ఎందుకు చెప్తున్ననంటే, రద్దీ కిరాయి అంటేనే మార్కెటోళ్ళ కుట్ర అని మన కామ్రేడ్లు కొందరు కొట్టిపారేస్తరు. ఆ రెడ్ కెన్ ఏం జేసిండో చూడుండ్రి. చార్జి మొదలైన రోజే 300 బస్సులు ఎక్కువ దింపిండు. వచ్చే పైసలు రవాణాకే ఖర్చు పెట్టాలె అని చట్టంలనే రాసున్నది. మొదటి ఏడాదిల లోపటికి వచ్చే నాలుగు చక్రాల బండ్లు దాదాపు 18 శాతం తగ్గినయి, జాముల్ల పొయ్యే టైము 30 శాతం దాకా తగ్గింది. రోడ్డు ఖాళీ అయితే బస్సు టైముకు వస్తది, బస్సు టైముకు వస్తే కారు దిగినోడు బస్సెక్కుతడు. ఒకటి ఇంకొకదాన్ని గుంజుకొచ్చింది.

ఇక్కడికి ఆపి చప్పట్లు కొట్టేటోళ్ళు చాలామంది. తర్వాత సంగతి గూడ చెప్పాలె. నాలుగైదేండ్లకు లండన్ల మళ్ళ జాములు మొదలైనయి. పైపులైన్ల కోసం రోడ్లు తవ్విండ్రు, బస్సులకు, నడిచేటోళ్ళకు కొంత రోడ్డు జాగ ఇచ్చిండ్రు (అది మంచిదే). తర్వాత యాప్ క్యాబులు దిగినయి. వాటికి చార్జి మాఫీ ఉండె. వేలకు వేలు లోపటనే తిరిగినయి. 2019ల గాని ఆ మాఫీ తీసెయ్యలే. పడమటి దిక్కున ఉన్నోళ్ళ కాలనీలకు 2007ల చార్జిని పెంచిండ్రు; ఆ కాలనీలోళ్ళు లొల్లి పెడితే తర్వాతొచ్చిన మేయర్ బోరిస్ జాన్సన్ 2010 ఆఖరుకు తీసేసిండు. పైసలున్నోళ్ళ లొల్లి ఎక్కడైనా తొందరగ ఇనబడతది. 5 పౌండ్లు కాస్త 2020ల 15 అయింది, 2026 జనవరి నుంచి 18. అంటే రేటు పెంచుకుంట పోయినంత మాత్రాన రోడ్డు ఖాళీ కాదు. ఎవలికి మాఫీ ఇస్తున్నమన్నదే అసలు పాయింటు.

మాఫీ అంటే యాదికొచ్చింది. లండన్ల ఉన్న రాయబార కార్యాలయాలల్ల కొన్ని ఈ చార్జి కట్టవు. "ఇది ట్యాక్సు, మేం దౌత్యవేత్తలం, మాకు వర్తించదు" అంటయి. 2024ల లండన్ రవాణా సంస్థ బాకీల లిస్టు బయటపెట్టింది. అమెరికా ఫస్టు, 1.4 కోట్ల పౌండ్ల పైన. జపాన్ రెండు, కోటి పౌండ్లు. మూడో నంబర్ల ఎవలు? మన ఇండియానే, 85 లక్షల పౌండ్లు. అక్కడ కట్టనోళ్ళ సర్కారు రేపు ఇక్కడ మనతోని కట్టిస్తదంట! నవ్వు రాకుంట ఎట్లుంటది.

నాకు అన్నిట్ల నచ్చింది స్టాక్‌హోం. మంచిగ నడిచిందని మాత్రమే గాదు, జనాన్ని అడిగి జేసిన్రు. 2006 జనవరి 3 నుంచి జులై 31 దాకా ట్రయల్. అంతకు ముందే, 2005 ఆగస్టుల, దాదాపు 200 కొత్త బస్సులు, 16 కొత్త రూట్లు వేసిండ్రు. చార్జి కంటే ఐదు నెలల ముందు బస్సు వచ్చింది, ఈ వరస మీరు మనసుల పెట్టుకోండ్రి. ట్రయల్‌కు ముందు ఊరంత తిట్టిండ్రు. మద్దతు నలభై శాతం గూడ లేకుండె. చార్జి మొదలైనంక సిటీ సరిహద్దు దాటే ట్రాఫిక్ ఐదోవంతు తగ్గింది. జులై 31న ట్రయల్ బంద్ పెట్టంగనే మళ్ళ బండ్లు నిండినయి. జనం రెండూ చూసిండ్రు, చార్జి ఉన్నప్పటి రోడ్డు, లేనప్పటి రోడ్డు. సెప్టెంబర్ 17న ఓటింగ్ పెడితే సిటీల సగం కంటే ఎక్కువ మంది ఉండాలె అన్నరు. 2007 ఆగస్టు నుంచి పర్మనెంట్ అయింది. చుట్టుపక్క మున్సిపాలిటీలల్ల కొన్ని వేరేగ ఓటింగ్ పెట్టుకొని వద్దన్నయి, అది గూడ నిజమే. లోపట ఉండేటోనికి లాభం, బయట నుంచి వచ్చేటోనికి ఖర్చు. ఈ తగాద ఎక్కడైనా ఉంటది.

న్యూయార్క్ కథ సినిమా లెక్కుంటది. 2008ల మేయర్ బ్లూంబర్గ్ పెడదామంటే రాష్ట్ర అసెంబ్లీ అటకెక్కిచ్చింది. 2019ల చట్టం అయింది. 2024 జూన్ 30 నుంచి 15 డాలర్లు అన్నరు. ఇంకో మూడున్నర వారాలుందనంగ గవర్నర్ క్యాథీ హోకుల్ ఆపేసింది. నవంబర్ల ఎలక్షన్ అయిపోంగనే, 9 డాలర్లకు తగ్గించి మళ్ళ బయటకు తీసింది. 2025 జనవరి 5న మొదలైంది. మాన్‌హట్టన్ల 60వ వీధికి కింది దిక్కున జొరబడాలంటే పగటి పూట కారుకు 9 డాలర్లు, మోటార్ సైకిల్‌కు దాంట్ల సగం, రాత్రి పూట పావు వంతు. ట్యాక్సీ ఎక్కినోని మీద ట్రిప్పుకు 75 సెంట్లు, యాప్ క్యాబైతే డాలరున్నర. ఏడాదికి 50 వేల డాలర్ల లోపు ఆమ్దానీ ఉన్నోళ్ళకు నెలల పది ట్రిప్పులు దాటితే సగం రేటు. ఫిబ్రవరిల ట్రంప్ సర్కారు పర్మిషన్ రద్దు జేసింది, ట్రంప్ తనను తానే రాజు అని రాసుకున్నడు. మే నెలల ఫెడరల్ జడ్జి ఆ రద్దును ఆపిండు. చార్జి నడుస్తనే ఉన్నది. లోపటికొచ్చే బండ్లు పదో వంతు దాకా తగ్గినయి. ఆ ఆమ్దానీ చూపెట్టి 1,500 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి, వందేండ్ల కిందటి సబ్‌వేను బాగుజేసుడు ప్లాను.

అక్కడ జెర్సీ సిటీల, ఎడిసన్ల మనోళ్ళు మస్తుమంది ఉన్నరు. మా మండలం పిలగాడు ఒకడు అక్కడ్నే సాఫ్ట్‌వేర్. ఫోన్ల అడిగిన, ఏమైందిరా నీకు అని. "అన్నా, నేను ప్యాత్ రైల్ల పోత. నాకేం ఫరకు పడలే. కార్ల పొయ్యేది మా డైరెక్టరు, ఆయనే రోజూ తిడుతున్నడు" అన్నడు. ఆ ఒక్క మాటల న్యూయార్క్ కథంత ఉన్నది. పనికోసం ఆ జాగకు పొయ్యేటోళ్ళల్ల పదికి ఎనిమిది మంది పైన రైల్లనో బస్సులనో పోతరు. కార్ల పొయ్యేది తక్కువమంది, ఎక్కువ ఆమ్దానీ ఉన్నోళ్ళు. తక్కువమంది దగ్గర తీసుకొని ఎక్కువమంది రైలుకు పెడుతున్నరు. అందుకే అక్కడ అది న్యాయం.

ఇగ మన హైదరాబాదు. ఇక్కడ లెక్క తిరగబడతది. మన రోడ్ల మీద ఎక్కువున్నవి కార్లు కావు, టూ వీలర్లు. నాలుగు బండ్లుంటే మూడు అవే. ఆ బండి మీద ఎవలున్నరు? ప్లంబర్, ఏసీ మెకానిక్, మెడికల్ రెప్, డెలివరీ పిలగాడు, పిల్లను బడిల దింపి పనికి పొయ్యే తల్లి. వీళ్ళు సరదాకు బండి కొనలే. బస్సు రాక కొన్నరు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సొంత కొలమానం ప్రకారమే లక్ష మందికి 60 బస్సులుంటే మంచి సర్వీసు అంటరు. కోటి మంది దాటిన శహరుకు ఆరు వేల బస్సులు కావాలె. మన సిటీ బస్సులు మూడు వేల చుట్టుపక్కలనే తిరుగుతున్నయి. 2019ల ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసిండ్రు. సమ్మె అయిపోయినంక సర్కారు నష్టాల పేరు చెప్పి సిటీల వందల కొద్ది బస్సులు తీసేసింది. ఆ బస్సులల్ల పొయ్యేటోళ్ళు ఏమైండ్రు? ఈఎంఐ మీద స్కూటీ తీసుకున్నరు. వాళ్ళను బస్సు దింపింది సర్కారు. ఇగ బండి మీద కిరాయి అడుగుతే అది దెబ్బ మీద దెబ్బ.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్ళకు ఫ్రీ బస్సు వచ్చింది. మంచి పని, నేను ఎప్పుడూ సమర్థిస్త. బోరబండ నుంచి, హఫీజ్‌పేట నుంచి మాదాపూర్ అపార్ట్‌మెంట్లల్ల పనికి పొయ్యే ఆడోళ్ళకు నెలకు వెయ్యి రూపాయలు మిగులుతే అది చిన్న ముచ్చట గాదు. కని ఎక్కేటోళ్ళు పెరిగినంత జల్ది బస్సులు పెరగలే. టికెట్ జీరో అయింది, టైము మాత్రం ఖర్చయితనే ఉన్నది. 10హెచ్‌ల నిలబడి కొండాపూర్ పొయ్యే ఆమె, ఒక్కొక్క మనిషితోని పొయ్యే వందల కార్ల వెనుక గంటన్నర నిలబడ్డది. రద్దీ కిరాయి పేదోళ్ళకు వ్యతిరేకం అనేటోళ్ళు ఈమె లెక్క ఎయ్యరు. ఆ కార్లల్ల ఐదోవంతు తగ్గినా ఈమెకు రోజుకు అరగంట దొరుకుతది. ఆ అరగంటల ఇంకో ఇంట్ల పని చేసుకోవచ్చు, బిడ్డను చూసుకోవచ్చు, ఊకె కూసోవచ్చు. ఆమె ఇష్టం.

మెట్రో ఉన్నది గదా అంటరు. మూడు లైన్లు, 69 కిలోమీటర్లు. 2025 మేల చార్జీలు పెంచిండ్రు, ఎక్కువల ఎక్కువ 60 రూపాయలు ఉన్నది 75 చేసి, లొల్లయితే పది శాతం తగ్గించి 69 దగ్గర ఆపిండ్రు. ఒక దిక్కు కార్లు ఎక్కువైనయి అని ఏడ్సుడు, ఇంకో దిక్కు రైలు టికెట్ పెంచుడు. రానుపోను 138 రూపాయలు పెట్టేకంటే ఇద్దరు కలిసి బైకు మీద పోతే అగ్గువ. జనానికి లెక్కలు వస్తయి.

టూ వీలర్‌కు మాఫీ ఇస్తే? లండన్ల, స్టాక్‌హోంల మాఫీ ఉన్నది. సింగపూర్ల మొదలు మాఫీ ఉండె, 1989ల తీసేసిండ్రు. మనకాడ మాఫీ ఇయ్యాలె అనే నేనంట. కని అండ్ల ఒక ముల్లు ఉన్నది. కారుకు కిరాయి పెట్టి బైకుకు మాఫీ ఇస్తే, కారు దిగినోడు బస్సెక్కుతడని గ్యారెంటీ లేదు, ఇంకో బైకు కొంటడు. మన రోడ్ల మీద ఎక్కువ సచ్చేది బైకు మీదోళ్ళే. రద్దీ తగ్గించబోయి శవాలు పెంచుకున్నట్టు కావద్దు. దీనికి మందు మళ్ళ బస్సే. బస్సు మంచిగుంటే కారు దిగినోడు అటు పోతడు. అందుకే బస్సు ముందు, కిరాయి తర్వాత. స్టాక్‌హోం వరస.

ఆటోలు, క్యాబులు, డెలివరీ పిలగాండ్ల సంగతి వేరే చూడాలె. న్యూయార్క్ల ట్రిప్పు మీద పెట్టి కస్టమర్ దగ్గర తీసుకుంటున్నరు, డ్రైవర్ జేబులకెళ్ళి గాదు. మనకాడ ఆ రాత స్పష్టంగ లేకపోతే యాపోళ్ళు ఏం జేస్తరో నాకు తెల్సు, మీకు తెల్సు. రైడర్ కమీషన్లకెళ్ళి కోస్తరు. బిర్యానీ తిన్నోడు కట్టాలె, మోసినోడు గాదు.

ఇంకో పెద్ద ప్రశ్న ఎవలూ అడగరు. ఈ రద్దీని పుట్టించింది ఎవలు? హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, అంత కలిపి కొన్ని కిలోమీటర్ల జాగల ఇన్ని టవర్లు ఎట్ల లేచినయి? 2006 నుంచి మన దగ్గర కట్టడానికి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే లేదు. ముంబైల, ఢిల్లీల ప్లాటుకు ఇంతే కట్టాలె అని గీత ఉంటది. మనకాడ రోడ్డు వెడల్పు, ఖాళీ జాగ చూపెట్టి ఆకాశం దాకా పోవచ్చు. యాభై అంతస్తులకు పర్మిషన్ ఇచ్చి, ఆ యాభై అంతస్తులోళ్ళు ఒకటే రోడ్డు మీద పడితే, రద్దీ అని గుండెలు బాదుకునుడు. తర్వాత ఫ్లైఓవర్. మైండ్‌స్పేస్ కాడ కట్టిండ్రు, 2020ల దుర్గం చెరువు మీద తీగల వంతెన ఏసిండ్రు, శిల్పా లేఅవుట్ కాడ కట్టిండ్రు. వంతెన కాడ సెల్ఫీలు మంచిగొస్తయి, నేను గూడ దిగిన. జాము మాత్రం ఒక సిగ్నల్ కాన్నుంచి ఇంకో సిగ్నల్ కాడికి జరిగింది. రోడ్డు పెంచుతే బండ్లు పెరుగుతయి, ఇది ప్రపంచమంత చూసిన సంగతే. కాబట్టి కిరాయి లెక్కల మొదటి బిల్లు టవర్ కట్టినోనికి, వేలమందిని ఒకటే టైముకు రమ్మనే కంపెనీకి పోవాలె. ఉద్యోగి కార్ల వస్తే ఆ కంపెనీ బిల్డింగ్ల ఫ్రీ పార్కింగ్ ఇస్తది, బస్సుల వచ్చేటోనికి ఏమిస్తది? ఫ్రీ పార్కింగ్ అంటే కారు కొన్నోనికి ఇచ్చే సబ్సిడీ. రద్దీ కిరాయికి ముందు దాని మీద చెయ్యి పెట్టే ధైర్యం ఉంటే కెమెరాలు గిమెరాలు అక్కర్లేకుంటనే సగం పని అయితది.

ఇప్పుడు పైసల సంగతి. నాకు అసలు భయం ఇక్కడ్నే. సుప్రీంకోర్టు 2015 అక్టోబర్‌ల ఢిల్లీల జొరబడే లారీల మీద పర్యావరణ పరిహార చార్జి పెట్టమన్నది. చిన్నయాటికి 700, పెద్దయాటికి 1,300. ఆ పైసలతోని బస్సులు, గాలి బాగు చేసుడు జరగాలె. వసూలైతే బ్రహ్మాండంగ అయింది. అండ్ల చాలా భాగం ఏండ్ల తరబడి ఖర్చు కాకుంట ఖజానాల పడున్నదని పేపర్లల్లనే చదివినం. గాలి అట్లనే ఉన్నది. మన సంగతి చూద్దాం. ప్రజల పైసలతోని కట్టిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోలును 2023ల ముప్పై ఏండ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చిండ్రు. ముప్పై ఏండ్ల కిరాయి ఒక్కసారే తీసుకున్నరు. దాంతోని ఎన్ని సిటీ బస్సులు కొన్నరో చెప్పుండ్రి. రేపు రద్దీ కిరాయిని గూడ ఇట్లనే ఏ కంపెనీకో ముప్పై ఏండ్లకు రాసిస్తే? అప్పుడు ఆ కంపెనీకి రద్దీ తగ్గుడు లాభమా, పెరుగుడు లాభమా? బండ్లు తగ్గుతే వాని ఆమ్దానీ తగ్గుతది. రద్దీని తగ్గించే పనిని రద్దీ మీద బతికేటోని చేతుల పెట్టినట్టయితది.

చట్టం అడ్డం ఉన్నదా అంటే లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ల రాష్ట్ర జాబితా తీసి చూడుండ్రి, 57వ పద్దు వాహనాల మీద పన్ను, 59వ పద్దు టోల్లు. అసెంబ్లీల బిల్లు పెట్టుకోవచ్చు. ఆ బిల్లులనే రాయాలె: ప్రతి రూపాయి సిటీ బస్సుకు, ఫుట్‌పాతుకు, ఎంఎంటీఎస్‌కు పోవాలె, ఏడాదికోసారి లెక్క డిపో గోడల మీద అతికియ్యాలె, వసూలును ఎవలికీ లీజుకియ్యద్దు. జీవోతోని చేస్తమంటే నేను మొదటి రోజే ధర్నాల కూసుంట. జీవోను రాత్రికి రాత్రి మార్చొచ్చు.

వసూలు ఎట్ల అన్నది గూడ ఆలోచించాలె. ఫాస్టాగ్ 2021 నుంచి కార్లకు తప్పనిసరి, కెమెరాలు శహరంత ఉన్నయి, మిషన్ కష్టం లేదు. కష్టం మన చలాన్ల అలవాటుది. 2022ల పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ఇచ్చిండ్రు, 2023 ఆఖరుకు మళ్ళ ఇచ్చిండ్రు, టూ వీలర్లకు 80 శాతం దాకా. టైముకు కట్టినోడు పిచ్చోడయిండు. రద్దీ కిరాయికి గూడ ఎలక్షన్ల ముందు 'బంపర్ ఆఫర్' వస్తదని జనం కాసుక్కూసుంటే అది నడవది.

మరి నేను ఏ దిక్కు? కార్ల మీద కిరాయి పెట్టాలె అనే దిక్కే. కని ఇప్పుడే, ఇట్లనే గాదు. పీఎం ఈ-డ్రైవ్ కింద 2025ల హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయిస్తున్నమన్నరు. అవి రోడ్డెక్కాలె, పాతయి తీసేసి లెక్క సరిచేసుడు గాదు, ఎక్కువ రావాలె. బస్సుకు వేరే లైన్ ఇయ్యాలె, కనీసం రాయదుర్గం నుంచి గచ్చిబౌలి దాకా. 2006ల కేంద్రం తెచ్చిన పట్టణ రవాణా విధానంల బండ్లు గాదు మనుషులు ముఖ్యం అని రాసిండ్రు. ఇరవై ఏండ్లాయె రాసి. ఆ బస్సులు ఆర్నెల్లు నడిచినంక, అదే పట్టీల ఆర్నెల్లు ట్రయల్ పెట్టుండ్రి. కార్లకు మాత్రమే, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. ఆటోకు, టూ వీలర్‌కు, దవాఖానకు పొయ్యేటోళ్ళకు, వికలాంగులకు మాఫీ. మంత్రులకు, ఎమ్మెల్యేలకు, ఐఏఎస్‌లకు, సైరన్ పెట్టుకొని తిరిగే ఎవలికీ మాఫీ లేదు. ఆర్నెల్లయినంక బంద్ పెట్టి జనాన్ని అడగాలె.

ఇది ఫైలుగ ఎప్పుడు కదుల్తదో గని, కదిలిననాడు ఎట్ల కదుల్తదో నాకు ఎరుకే. ఒక కన్సల్టెంట్ వస్తడు, మూడు వందల పేజీల రిపోర్టు ఇంగ్లీషుల ఇస్తడు, ఏ స్టార్ హోటల్లనో 'స్టేక్‌హోల్డర్ల' మీటింగ్ పెడతరు. అండ్ల బిల్డర్లుంటరు, ఐటీ కంపెనీలోళ్ళుంటరు, కార్ల డీలర్లు గూడ ఉండొచ్చు. ఆ రిపోర్టు తెలుగుల, ఉర్దూల కావాలె అని ఇప్పటినుంచే అడుగుదాం. మీటింగు కొండాపూర్ బస్టాపు కాడ పెట్టాలె, సాయంత్రం ఆరు గంటలకు, పెద్ద సార్లు గూడ సికింద్రాబాదు నుంచి 10హెచ్ ఎక్కి రావాలె.